సర్వర్ పవర్ సప్లైతో హామ్ రేడియో నడుపుడు ఎట్ల

హామ్ రేడియో అంటే లైసెన్స్ తీస్కొని సరదాకి నడిపే రేడియో. దాంట్ల 100 వాట్ల హెచ్‌ఎఫ్ (షార్ట్ వేవ్) సెట్టుకి కొత్త పవర్ సప్లై కొందామంటే రేటు చూస్తేనే గుండె గుభేల్మంటది. అందుకే నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయినప్పుడు సీటీసీ (సికింద్రాబాద్‌ల కంప్యూటర్ సామాన్ల మార్కెట్) దిక్కు సెకండ్ హ్యాండ్ షాపుల్లో పాత సర్వర్ సప్లైలు అడిగి చూడండి. హెచ్‌పీ డీపీఎస్-1200ఎఫ్‌బీ అనే మోడల్ మన 230 వోల్టుల మీద 12 వోల్టులకి 100 ఆంప్స్ ఇస్తది, ఐకామ్ ఐసీ-7300 అనే 100 వాట్ల సెట్టు ఫుల్ పవర్ల ట్రాన్స్‌మిట్ చేసినా తినేది 21 ఆంప్సే, ఇగ చూస్కోండి ఎంత మిగులుతదో.

ఊకె ప్లగ్ పెడితే ఇది ఆన్ కాదు. ఈ మోడల్‌కి ఎనక కనెక్టర్ల 33, 36 పిన్నుల మధ్య 330 నుంచి వెయ్యి ఓమ్స్ లోపు రెసిస్టర్ పెట్టాలె. వేరే మోడల్ అయితే పిన్నులు వేరే, లేబుల్ మీద నంబర్ చూడకుండ పిన్నులు కలపొద్దు.

రేడియో సెట్టుకి రాసుండేది 13.8 వోల్టులు, అందుకే చానామంది సప్లై లోపల విప్పి 13.8కి పెంచుదామని చూస్తరు. నన్నడిగితే అసలు వద్దు. లోపల కెపాసిటర్ల మీద దగ్గర దగ్గర 400 వోల్టుల డీసీ ఉంటది, ప్లగ్ పీకినంక కూడ కొంచెం సేపు అట్లనే ఉంటది. ఐకామ్ సెట్టు 13.8కి 15 శాతం అటుఇటు, అంటే 11.7 దాక ఓర్చుకుంటది, సప్లై 12.3 దాక ఇస్తది గాబట్టి సరిపోతది. కాకపోతే ఆ తేడాని వైర్ తినేయొద్దు. రెండు మీటర్ల దూరానికి 1.5 స్క్వేర్ ఎంఎం వైర్ వేస్తే 21 ఆంప్స్ దగ్గర ఒక వోల్ట్ అక్కడే పోతది, 4 వేస్తే 0.4 పోతది, 6 వేస్తే ఇంకా మంచిది. సప్లై దగ్గర్నే 25 ఆంప్స్ ఫ్యూజ్ పెట్టాలె, లేకుంటె షార్ట్ అయినప్పుడు వైర్ ఎర్రగ కాలుతది.

ఇగ అసలు సంగతి ఎర్తింగ్. ఈ సప్లైల మైనస్, బాడీ రెండూ ఒకటే, లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటయ్ గాబట్టి ఎర్త్ తెగితే రేడియో బాడీకి చెయ్యి తగిలినప్పుడు జివ్వుమంటది. మన దిక్కు రాతి నేల, ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోయి ఉత్తదే అయితది. మీటర్ ఏసీల పెట్టి బోర్ కేసింగ్ పైపుకీ రేడియో బాడీకీ మధ్య చూడండి, నూరు వోల్టుల దగ్గర చూపిస్తే ఎర్త్ లేనట్టే, గుంతల నీళ్లు పోసి మళ్ల చూడండి. 24 వోల్టులకి రెండు సప్లైలు సిరీస్‌ల కలుపుదామని ఎర్త్ పిన్ను కోసేటోళ్లు ఉంటరు, ఆ పని చెయ్యకండి.

నాయిస్ సంగతి: రాత్రి 40 మీటర్ల బ్యాండ్‌ల (7 మెగాహెర్ట్జ్ దగ్గర) రేడియోని బ్యాటరీ మీద పెట్టి వినాలె, అప్పుడు పక్కనే సప్లై ఆన్ చేసి ఎస్ మీటర్ (రేడియోల సిగ్నల్ బలం చూపించే మీటర్) లేస్తదా చూడాలె. లేస్తే ప్లస్, మైనస్ రెండు వైర్లు కలిపి 31 మిక్స్ అనే రకం ఫెర్రైట్ (నాయిస్ ఆపే అయస్కాంత పదార్థం) రింగుల ఏడెనిమిది చుట్లు తిప్పితే బాగ తగ్గుతది. బ్యాటరీ మీద కూడ గరగర అంటుంటె దోషం సప్లైది కాదు, ఇంట్ల ఎల్‌ఈడీ బల్బులు, పక్క పొలం మోటర్ స్టార్టరు చూస్కోండి. ఫ్యాన్ మోత మాత్రం గట్టిగనే ఉంటది, మైక్‌ల పడకుండ సప్లైని టేబుల్ కిందికి తోసేయండి, గాలి మాత్రం ఆపొద్దు.