బెంగళూరు ఎత్తుకు తగిన కార్బన్ డయాక్సైడ్ మీటరు తయారీ

తక్కువ ఖర్చుతో కార్బన్ డయాక్సైడ్‌ను కొలవాలనుకునేవారు అన్నిటికన్నా ముందు సెన్సర్ ఎంపికలో జాగ్రత్తపడాలి. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డులో కొన్ని వందల రూపాయలకే దొరికే ఎంక్యూ-135 సెన్సర్ అమ్మోనియా, ఆల్కహాల్ ఆవిరి, పొగ వంటి అనేక వాయువులకు స్పందిస్తుందే తప్ప కార్బన్ డయాక్సైడ్‌ను విడిగా గుర్తించలేదు. పక్కన శానిటైజర్ సీసా మూత తీసినా అందులో అంకె పెరుగుతుంది. దాని మీద డబ్బు పెట్టవద్దు. కార్బన్ డయాక్సైడ్ అణువులు 4.26 మైక్రాన్ల దగ్గర పరారుణ కాంతిని బలంగా గ్రహిస్తాయి. ఆ గుణం ఆధారంగా పనిచేసే సెన్సర్‌నే కొనాలి. ఎంహెచ్-జెడ్19, ఎస్సీడీ41 రెండూ అటువంటివే. అయితే గాలి పీడనం ఎంతో ముందుగా చెప్పే వీలు ఎస్సీడీ41లో ఉంది కనుక, ధర ఎక్కువైనా బెంగళూరుకు అదే మేలు.

దీన్ని ఈఎస్పీ32 అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుకు కలపడం సులువు. సెన్సర్‌కు 3.3 వోల్టుల విద్యుత్తు, గ్రౌండ్ ఇచ్చి, ఎస్‌డీఏ తీగను 21వ పిన్నుకు, ఎస్‌సీఎల్ తీగను 22వ పిన్నుకు కలిపితే చాలు. బోర్డుకు ప్రోగ్రాము రాసే ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో దీనికి లైబ్రరీ, అంటే ముందే రాసిన కోడ్, సిద్ధంగా ఉంది. కొలిచే క్షణంలో సెన్సర్ దాదాపు 200 మిల్లీయాంపియర్లు లాగుతుంది కనుక తీగలు పొట్టిగా, అడాప్టరు నాణ్యమైనదిగా ఉండాలి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది ఎత్తు విషయంలో. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇక్కడ గాలి పీడనం 910 హెక్టాపాస్కళ్ల దరిదాపుల్లో, అంటే సముద్రమట్టం కన్నా దాదాపు పదో వంతు తక్కువగా ఉంటుంది. సెన్సర్ లెక్కించేది తన లోపలి చిన్న అరలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ అణువులను. గాలి పలచబడితే, నిష్పత్తి మారకపోయినా, అణువులు తగ్గుతాయి. సముద్రమట్టాన ఉన్న చెన్నైలో 430 పీపీఎం (పది లక్షల గాలి అణువుల్లో 430) అని సరిగ్గా చూపిన పరికరమే అదే గాలిని ఇక్కడ 390కి లోపు చూపవచ్చు. కాబట్టి కొలత మొదలుపెట్టే ముందే ప్రోగ్రాములో ఎత్తు 920 మీటర్లని రాయాలి. ఇంకా కచ్చితంగా కావాలనుకుంటే బీఎంపీ280 సెన్సర్‌ను జోడించి, అది చెప్పే పీడనాన్ని ఎప్పటికప్పుడు అందించవచ్చు.

రెండో చిక్కు స్వయం సవరణతో వస్తుంది. కొన్నాళ్లలో నమోదైన అతి తక్కువ విలువను బయటి గాలిగా భావించి సెన్సర్ తనను తాను సరిచేసుకుంటుంది. మారతహళ్లి పీజీల్లో ముగ్గురు పడుకునే, కిటికీ తెరవని గదిలో విలువ ఎప్పుడూ 700 కన్నా దిగకపోతే, ఆ 700నే స్వచ్ఛమైన గాలి అనుకుంటుంది. అప్పటి నుంచి గది నిజంగా ఉన్నదానికన్నా ఆరోగ్యకరంగా కనిపిస్తుంది. ఊపిరాడని గదుల సంగతి తెలుసుకోవడానికే ఈ పరికరం కడుతున్నప్పుడు ఇది చిన్న లోపం కాదు. స్వయం సవరణను ఆపివేసి, మనమే చేయాలి.

అందుకు మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య, గాలి వీస్తున్న మేడపైకి పరికరాన్ని తీసుకెళ్లండి. చాలామంది తెల్లవారుజామున పార్కులో గాలి శుద్ధంగా ఉంటుందని ఆ వేళను ఎంచుకుంటారు, కాని రాత్రంతా చెట్లు, నేల వదిలిన కార్బన్ డయాక్సైడ్ చల్లని గాలిలో నేలకు దగ్గరగానే నిలిచి ఉంటుంది. మధ్యాహ్నపు ఎండకు గాలి పైదాకా కలుస్తుంది. పరికరాన్ని నీడలో 20 నిమిషాలు నడవనిచ్చి, కొలతను ఆపి, బయటి గాలి విలువగా 430 ఇచ్చి సవరణ ఆదేశం పంపి, సెట్టింగులను సెన్సర్‌లో భద్రపరచాలి. ఆ సమయంలో దగ్గర నిలబడవద్దు. మనం విడిచే ఊపిరిలో దాదాపు 4 శాతం, అంటే 40,000 పీపీఎం ఉంటుంది.

బయట శాశ్వతంగా అమర్చేటప్పుడు తెల్లని ప్లాస్టిక్ పళ్లేలను బోర్లించి, మధ్య సందులుంచి ఒకదానిపై ఒకటి బిగిస్తే వాన పడదు, గాలి ఆడుతుంది. సందులకు దోమల జాలీ కట్టండి, లేకపోతే పురుగులు చేరతాయి. బోర్డు వేడి సెన్సర్‌కు తగలకుండా రెండిటినీ వేరు అరల్లో పెట్టాలి.

సరిగా సవరించినా 50 పీపీఎం, ఒక్కోసారి అంతకన్నా కాస్త ఎక్కువ తేడా ఉండవచ్చు. అందువల్ల రెండు వీధుల మధ్య 20 పీపీఎం తేడాను చూసి తీర్పు చెప్పకుండా, ఒకే పరికరంలో వేకువకూ మధ్యాహ్నానికీ వచ్చే మార్పును గమనించండి. వేర్వేరు చోట్ల పెట్టదలచిన పరికరాలను ముందుగా ఒక వారం పక్కపక్కనే నడిపి, వాటి తేడాను రాసిపెట్టుకోండి. కొన్ని నెలలకొకసారి మేడపై సవరణను మళ్లీ చేయండి.