మెట్ట నేలలో చిట్టడవిని తిరిగి నిలబెట్టడం: సొంతంగా నేర్చుకునే విధానం

నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, వింజమూరు, కలిగిరి వైపు రోడ్డుకు ఇరువైపులా కనిపించే కంప నేలను మనం బీడు అని పిలవడానికి అలవాటు పడిపోయాము. ఆ పిలుపు నుంచే పొరపాట్లన్నీ మొదలవుతాయని నేను నమ్ముతున్నాను. కలివి, బలుసు, రేగు, తంగేడు పొదలు, వాటి నడుమ గడ్డి, అక్కడక్కడా బయటపడి ఉన్న ఎర్రమట్టి కలిసినదే ఇక్కడి చిట్టడవి. అంతరించిపోయిందని శాస్త్రజ్ఞులు భావించిన కలివికోడి 1986లో మన పొరుగున ఉన్న కడప జిల్లాలో ఐతన్న అనే స్థానికుని ద్వారా మళ్లీ వెలుగులోకి వచ్చింది. ఆ పక్షి బతికేది దట్టమైన చెట్ల నీడలో కాదు, పొదల మధ్య ఖాళీ నేల ఉండే ఇటువంటి చోట్లలోనే. అందువల్ల ఈ పని నేర్చుకోదలచినవారు మొక్కలు కొనడంతో కాకుండా, తమ నేలకు సహజమైన రూపమేదో తెలుసుకోవడంతో ప్రారంభించాలి.

మీ సొంత భూమిలో అర ఎకరం చాలు. పంచాయతీ భూమి అయితే రాతపూర్వకమైన తీర్మానం తీసుకోవాలి, అటవీ భూమిలో అనుమతి లేకుండా గడ్డపార వేయకూడదు. చెట్లు కొట్టే ముందు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం ఏ అనుమతులు అవసరమో మండల కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

మొదటి ఏడాది ఏదీ నాటకండి. నేలలో నాలుగైదు చోట్ల మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉండేలా పుల్లలు పాతి, దారం కట్టి, ఆ చదరంలో ఉన్న ప్రతి మొక్కనూ అక్టోబరులో, జనవరిలో, ఏప్రిల్‌లో, జూలైలో నోటు పుస్తకంలో రాసుకోండి. పేరు తెలియని మొక్క కొమ్మను కాగితంలో పెట్టి ఎండబెట్టి, గొర్రెల కాపరులకు చూపించండి. ఏ ఆకును గొర్రె ముందు తింటుందో, దేనిని ముట్టదో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అయితే పేర్ల విషయంలో జాగ్రత్త అవసరం. సర్కారు తుమ్మను చాలామంది చిల్లకంప అంటారు, కానీ బురద నీటిని తేటపరిచే చిల్లగింజను ఇచ్చేది ఇండుప చెట్టు. మొదటిది తొలగించవలసినది, రెండవది కాపాడవలసినది.

అదే ఏడాది రెండు వైపులా మూత కోసేసిన పాత డబ్బాను మూడు అంగుళాలు నేలలోకి దిగగొట్టి, లీటరు నీళ్లు పోసి, ఎంతసేపటిలో ఇంకుతాయో గడియారం చూసి రాయండి. పొద కింద ఒకసారి, పశువులు తొక్కిన బాటలో ఒకసారి ఈ పరీక్ష చేస్తే, వాన నీరు మీ నేలను ఎక్కడ విడిచిపెట్టి పోతున్నదో మీకే అర్థమవుతుంది.

నీటిని నిలిపే కందకాలకు సమమట్టం కావాలి. దాని కోసం యంత్రాలు అక్కరలేదు. ఆరడుగుల వెదురు కర్రలు రెండింటి పైకొసలను కలిపి కట్టి, కాళ్లు ఎడంగా జరిపి, నడుమ అడ్డకర్ర బిగించి, పైముడి నుంచి దారంతో ఒక రాయిని వేలాడదీయండి. ఈ చట్రాన్ని ఒకచోట నిలిపి, కాళ్లు ఆనిన రెండు చోట్లా గుర్తు పెట్టి, దారం అడ్డకర్రను తాకిన చోట బొగ్గుతో గీత గీయండి. తరువాత కాళ్లను తారుమారు చేసి, అవే గుర్తుల మీద నిలిపి, రెండవ గీత గీయండి. ఆ రెండింటికి సరిగ్గా మధ్యలో గీసే మూడవ గీతే సమమట్టం. ఇక ఒక కాలిని కదలకుండా ఉంచి, రెండవ కాలిని ఎగువకూ దిగువకూ జరుపుతూ, దారం ఆ నడిమి గీత మీదికి వచ్చిన ప్రతిచోటా ఒక పుల్ల గుచ్చుతూ పోతే, వాలుకు అడ్డంగా ఒక వంకర గీత ఏర్పడుతుంది. దాని వెంట అడుగు లోతు కందకం తీసి, మట్టిని దిగువ వైపు గట్టుగా వేయాలి. పొదల వేళ్లు తగిలిన చోట కందకాన్ని ఆపి, వాటిని దాటిన తరువాత మళ్లీ తవ్వాలి. తుపాను వానకు గట్టు తెగకుండా ఈ విరామాలు కూడా ఉపయోగపడతాయి.

సర్కారు తుమ్మ 1877లో కడప ప్రాంతంలో నాటిన నాటి నుంచి మన నేలలన్నింటా వ్యాపించింది. పైకి కొట్టినంత మాత్రాన అది చావదు, ఒక్క మొద్దు నుంచి పది కొమ్మలు లేస్తాయి. చిగురించే కణుపులు నేల లోపలి వేరు మొదట్లో ఉంటాయి కనుక, వానలకు మట్టి మెత్తబడిన జనవరిలో మొదలు చుట్టూ అడుగు లోతు తవ్వి, ఆ ముడితో సహా నరికి తీయాలి. మోకాలెత్తు లోపు పిలకలు చేతితోనే ఊడివస్తాయి. ఒకే ఏడాదిలో మొత్తం తొలగిస్తే బోడిపడిన నేల కొట్టుకుపోతుంది. అందువల్ల పట్టీలు పట్టీలుగా మూడేళ్లలో తీయడం మేలు. ఆ కలప బొగ్గుకూ వంటచెరకుకూ అమ్ముడుపోయి కూలి ఖర్చు కొంత తిరిగి వస్తుంది. కాయలు తిన్న గొర్రెలు, మేకల పెంటికల ద్వారా విత్తనాలు మళ్లీ మొలుస్తాయి కనుక, వేసవిలో మందను లోపలికి రానివ్వకూడదు.

మంద ఆగిన తరువాత జరిగే మార్పును ఓపికగా గమనించండి. కొట్టివేతకూ మేతకూ గురై అరచేతి ఎత్తులో అణగి ఉన్న బలుసు, కలివి, అల్లి పొదల వేళ్లు నేల లోపల బతికే ఉంటాయి, రెండు వానాకాలాలలో అవి నడుమెత్తుకు లేస్తాయి. అటువంటి ప్రతి మోడు పక్కనా ఎర్రగుడ్డ కట్టిన పుల్ల పాతితే, పని చేసేవారి పార కింద పడకుండా ఉంటుంది. మనం నాటే మొక్క ఏదీ ఇంత పాత వేరుతో పోటీ పడలేదు.

ఇంకా ఖాళీలు మిగిలితేనే నాటాలి. వేప, నేరేడు గింజలు పండిన పది పదిహేను రోజులలోపే విత్తాలి, ఆలస్యమైతే మొలకశక్తి పోతుంది. తంగేడు, నల్లతుమ్మ గింజలకు పెంకు గట్టిది కనుక, కాచి దించిన వేడినీటిలో వేసి ఒక రాత్రి నాననివ్వాలి. నాటే కాలం విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఇతర ప్రాంతాల పద్ధతి చదివి జూన్‌లో నాటిన నా మొక్కలలో ఎక్కువ భాగం ఆగస్టు ఎండలకే మాడిపోయాయి. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే కురుస్తుంది. గుంతలు సెప్టెంబరులో తీసి, ఈశాన్య రుతుపవనాల మొదటి మంచి వాన పడిన మరునాడు నాటితే, మూడు నెలల తడిలో వేరు దిగి వేసవిని తట్టుకుంటుంది.

ప్రతి అక్టోబరులోనూ ఒకే రాతి మీద నిలబడి, ఒకే దిక్కుకు ఫొటో తీసి, పాత చదరాలలోని మొక్కలను మళ్లీ లెక్కించి, డబ్బా పరీక్షను అవే చోట్ల చేయండి. మూడవ ఏట కూడా తొక్కుడు బాటలో నీరు ఇంకే సమయం తగ్గకపోతే, అక్కడ మొక్కలు పెంచడం ఆపి, పైపొర మట్టిని గడ్డపారతో వదులు చేసి, గడ్డి విత్తనం చల్లి, ఎండుకంప కప్పి ఒక వానాకాలం వదిలేయండి.