ఒకే కుక్కర్లో అమ్మ డైటింగూ, పిల్ల తిండీ

మా ఇంట్లో నేను తగ్గాలి, మా అమ్మాయి పెరగాలి. నాకు మోకాళ్ళ నొప్పులు, పైగా షుగర్ బోర్డర్లో ఉంది, బరువు తగ్గమని డాక్టరు గారు గట్టిగానే చెప్పారు. దానికి ఆరేళ్ళు, ఒకటో తరగతి, వయసుకి తగ్గ బరువు లేదు. అత్తయ్యకీ, మా ఆయనకీ మామూలు భోజనం పడాలి. ఒడిశాలోని పర్లాకిమిడిలో మాకున్నది రెండు పొయ్యిల స్టవ్వు. మనిషికో వంట పెట్టుకుంటే నాలుగు రోజులకే విసుగొచ్చి డైటింగ్ అటకెక్కుతుంది. కాబట్టి వంట ఒక్కటే చేయండి. దింపాక, పోపు పెట్టే ముందు విడదీయండి. ఎవరికి ఏం కలపాలో, ఎవరికి ఏం తగ్గించాలో అక్కడ చూసుకుంటే చాలు.

మొదట దాల్మాతో మొదలుపెట్టండి. ఒడియా వాళ్ళ వంటే అయినా ఈ ఊళ్ళో మనకీ అలవాటైపోయింది. ఒక గ్లాసు కందిపప్పుకి రెండింతలు కూరముక్కలు పడాలి: గుమ్మడి, పచ్చి బొప్పాయి, అరటికాయ, వంకాయ, ములక్కాడ. పప్పు సగం ఉడికాక పసుపు, అల్లం, ఉప్పుతో పాటు ముక్కలు వేసి ఇంకో విజిల్ రానివ్వండి. మూత తీశాక గరిటెతో మెదిపేయకండి, అసలు కిటుకు అక్కడే ఉంది. అడుగున చిక్కగా దిగిన పప్పు, గుమ్మడి, అరటికాయ పిల్ల గిన్నెలోకి తీసి మెదిపి, ఒక చెంచా నెయ్యి, ఒక పెద్ద చెంచా వేరుశనగ పొడి కలపండి. బొప్పాయి, వంకాయ, ములక్కాడ మన పళ్ళెంలోకి ఎక్కువ రావాలి. మిగతాదానికి ఒక్క చెంచా నూనెలో జీలకర్ర, ఎండుమిరపకాయ వేసి పోపు పెట్టండి. పైన వేయించిన జీలకర్ర, మిరప పొడి చల్లితే నూనె తక్కువైన సంగతి మా ఆయనకి కూడా తెలియదు.

పిల్లకి నెయ్యి, పొడులు ఎందుకంటే వాళ్ళ పొట్ట చిన్నది. "ఇంకో ముద్ద, ఇంకో ముద్ద" అని వెంటపడితే అన్నమంటేనే పారిపోతారు. ముద్దలు పెంచకుండా ముద్దలో బలం పెంచాలి. పిండిపదార్థమైనా, ప్రోటీనైనా గ్రాముకి 4 కేలరీలే, కొవ్వు అయితే 9. చిన్న చెంచా నెయ్యి సుమారు 45 కేలరీలు, పెద్ద చెంచా వేరుశనగ పొడి 55 పైన, ఒక గుడ్డు 70 దాకా. మూడూ కలిపినా పళ్ళెంలో కుప్ప పెద్దగా పెరగదు. ఐదేళ్ళ లోపు పిల్లలకి పల్లీలు, జీడిపప్పు గింజలుగా ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. పొడి కొట్టే ఇవ్వాలి. పొడికి పలాస నుంచి వచ్చే జీడిపప్పు ముక్కలు చాలు, గుండ్లు దండగ.

నెయ్యి ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఎదిగే పిల్లకి గుడ్డు, చేప, పప్పు, పాలు కావాలి. ఒడిశాలో ఉన్నందుకు మనకి దొరికే మేలు ఛెనా, అంటే పాలు విరగ్గొట్టి నీళ్ళు వార్చిన పచ్చి పన్నీరు. స్వీటు షాపులో పంచదార కలపనిది అడిగితే తూచి ఇస్తారు. ఉల్లిపాయ, కొత్తిమీరతో రెండు నిమిషాలు వేయించి చపాతీలో చుట్టిస్తే టిఫిన్ డబ్బా ఖాళీగా తిరిగొస్తుంది.

ఎండాకాలం పొద్దుటి బడులు మొదలైతే పిల్లలకి ఆ వేళకి ఆకలే ఉండదు. అప్పుడు చోడి జావ, అదే రాగి జావ. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల కోసం మిల్లెట్ మిషన్ మొదలుపెట్టిన మొదటి జిల్లాల్లో మా గజపతి కూడా ఉంది, కొండ ఊళ్ళలో చోళ్ళు బాగా పండుతాయి. నూరు గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, బియ్యం దాని దరిదాపులకి రాదు. నాలుగు చెంచాల పిండి చన్నీళ్ళలో ఉండకట్టకుండా కలిపి, రెండు గ్లాసుల నీళ్ళలో పచ్చివాసన పోయేదాకా ఉడికించండి. ఉప్పు వేయకముందే సగం తీసి పాలు, బెల్లం, జీడిపప్పు పొడి కలిపితే పిల్లది. మిగిలిన దాంట్లో ఉప్పు వేసి చల్లార్చి, పల్చటి మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు కలిపితే నాది.

పఖాళం, అంటే నీళ్ళలో నానబెట్టిన అన్నం దగ్గర మాత్రం జాగ్రత్త. పిల్ల నీళ్ళు తాగేసి కడుపు నిండిందంటుంది, మనమేమో నీళ్ళలో ఎంత అన్నం మునిగి ఉందో చూసుకోం. పిల్లకి నీళ్ళు వంచేసి గడ్డపెరుగు కలపండి, పక్కన గుడ్డు పెట్టండి. మనం అన్నం గిన్నెతో కొలుచుకుని ఆ తర్వాతే నీళ్ళు పోసుకోవాలి. పక్కన బడి చూరా (వేయించి నలిపిన మినప వడియాలు) కొంచెం, ఆకుకూర వేపుడు దండిగా.

మన పళ్ళెం సంగతికొస్తే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల ప్రకారం రోజు తిండిలో సగం కూరగాయలు, పళ్ళే ఉండాలి. పూట మానేయడం డైటింగ్ కాదు, సాయంత్రానికి మిక్స్చర్ డబ్బా మీద పడతాం. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరుని అడక్కుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకండి, షుగర్ పడిపోవచ్చు. ఇంకో సంగతి, పిల్ల వదిలేసిన నెయ్యన్నం తల్లి నోట్లోకి పోకూడదు. పారేయడానికి చేయి రాదు కాబట్టి పిల్లకి మొదట కొంచెమే వడ్డించి, కావాలంటే మారు పెట్టండి.

సాయంత్రం టీ, బిస్కెట్లతో పిల్ల ఆకలి చంపేసేది ఇంట్లో పెద్దవాళ్ళే. "పిల్ల అడిగితే లేదనమంటావా?" అంటారు అత్తయ్య. వాదన పెట్టుకోకుండా ఆ పని ఆవిడకే అప్పగించాను. నాలుగింటికి అరటిపండు, పల్లీ ఉండ నానమ్మ చేత్తోనే అందుతాయి, ఆ తర్వాత భోజనం దాకా ఏమీ లేదు. చాప్‌లు, బారాలు లాంటి నూనె వేపుళ్ళు కొట్టు నుంచి వచ్చిన రోజు నాకు మరమరాల్లో ఉల్లి, టమాటా, నిమ్మరసం.

భోజనాల దగ్గర బరువుల మాట ఎత్తొద్దు. "అమ్మ లావు, నువ్వు పుల్ల" అని నవ్వే చుట్టాలనీ ఆపండి. ఆడపిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు, రేపు "నేనూ అన్నం తినను, డైటింగ్" అన్నా అంటారు.

పిల్ల బరువు నెలకోసారి ఒకే మెషీన్ మీద చూసి రాసిపెట్టండి. ఆరేళ్ళ లోపు అయితే అంగన్వాడీలో తూస్తారు. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పించకండి. ఇంత చేసినా బరువు కదలకపోయినా, ఉన్నది తగ్గినా, జ్వరమో దగ్గో వదలకపోయినా ఇంకో చెంచా నెయ్యి వేసి చూద్దామనుకోకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఆ బరువులు రాసిన కాగితం కూడా పట్టుకెళ్ళండి, డాక్టరు మొదట అడిగేది అదే.