వసంత గాలులు మొదలయ్యేలోగా: డ్రైవ్ తిరగబడకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

పళ్లెం లాంటి డిస్క్‌ను విసురుతూ, వీలైనన్ని తక్కువ విసుర్లలో బాస్కెట్‌లో వేసే ఆట డిస్క్ గోల్ఫ్. ఉత్తర టెక్సాస్‌లో దాన్ని ఆడేవారికి మార్చి, ఏప్రిల్ నెలలు కష్టకాలం. డాలస్ చుట్టుపక్కల గాలి జోరుగా వీచేది ఆ రోజుల్లోనే. దక్షిణపు గాలి గంటకు 20 మైళ్లు దాటడం అక్కడ వింతేమీ కాదు. చలికాలమంతా బుద్ధిగా నేరుగా వెళ్లిన డ్రైవ్ (దూరం కోసం విసిరే మొదటి విసురు), ఎదురుగాలి తగిలేసరికి 150 అడుగులైనా పోకుండానే కుడివైపుకు ఒరిగి, మళ్లీ ఎడమకు తేరుకోకుండా, అంచు నేలకు తగిలి బండిచక్రంలా దొర్లుకుంటూ వాగులోకో నడకదారి మీదికో పోతుంది. ఆటగాళ్లు దీన్ని టర్నోవర్ అంటారు. తెలుగులో డిస్క్ తిరగబడటం అంటే సరిపోతుంది. ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్ వైపు ఉంటూ ఈ ఆట మొదలుపెట్టిన తెలుగువారిని మనసులో పెట్టుకుని, గాలులు ముదరకముందే, అంటే ఫిబ్రవరిలోనే చూసుకోవలసిన సంగతులు రాస్తున్నాను. కుడి, ఎడమలన్నీ కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసిరేవారి లెక్కలో చెబుతున్నాను కాబట్టి ఎడమచేతివాటం వారు వాటిని తారుమారు చేసుకోవాలి.

కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌లో డిస్క్, పైనుంచి చూస్తే, గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతుంది. వేగం ఎక్కువగా ఉన్నంతసేపు గాలి దాన్ని పైకి నెట్టే బలం నడిమధ్యకు కాస్త వెనకగా పనిచేసి, ముందు అంచును కిందికి వంచాలని చూస్తుంది. అయితే తిరుగుతున్న వస్తువు కాబట్టి ఆ వంపు ముందుకు కాక పక్కకు బయటపడుతుంది. తిరిగే బొంగరాన్ని ఒకవైపు తోస్తే అది ఆ వైపు పడకుండా మరోవైపుకు ఒరగడం చిన్నప్పుడు అందరమూ చూసినదే. డిస్క్ ఇలా కుడికి ఒరగడం టర్న్, వేగం తగ్గాక బలం ముందుకు జరిగి ఎడమకు వాలడం ఫేడ్. గంటకు 55 మైళ్లతో విసిరిన డిస్క్‌కు 20 మైళ్ల ఎదురుగాలిలో తగిలేది 75 మైళ్ల గాలి కాబట్టి, నిన్నటిదాకా కొద్దిగా ఒరిగి సర్దుకున్న డిస్క్ ఈరోజు పూర్తిగా ఒరిగిపోతుంది. ఒకసారి ఎడమ అంచు పైకి లేచిందంటే, ఎడమవైపు నుంచి వచ్చే గాలి దాని అడుగుభాగాన్ని పట్టుకుని, ఆరుబయట పెట్టిన చేటను ఎగరేసుకుపోయినట్టు, ఇంకా కుడికి నెట్టేస్తుంది.

ఈ దశలో చాలామంది చేసే పని దుకాణానికి వెళ్లడం. డిస్కుల మీద వేగం, గ్లైడ్ (గాలిలో తేలే గుణం), టర్న్, ఫేడ్ అని నాలుగు అంకెలు ఉంటాయి. టర్న్ 0, ఫేడ్ 4 ఉన్న ఫైర్‌బర్డ్ లాంటి ఓవర్‌స్టేబుల్ డిస్క్, అంటే కుడికి ఒరగకుండా ఎడమకే లాగేది ఒకటి కొనుక్కుని, అది కుడికి పోవడం లేదు కాబట్టి జబ్బు నయమైందనుకుంటారు. నేనూ రెండేళ్లు అదే పని చేశాను. నిజానికి నా విసురులోని లోపం అలాగే ఉండి, గాలి లేని రోజున డిస్క్ త్వరగా ఎడమకు పడిపోయి దూరం తగ్గిపోయేది, గాలి ఉన్న రోజున ఆ కొత్త డిస్క్ కూడా తిరగబడేది. అందుకే ముందు చెయ్యి సంగతి తేల్చుకుని, డిస్కుల సంచి సంగతి తరువాత చూసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

అన్నిటికంటే ముందు డిస్క్ నిజంగా తిరగబడుతోందో లేదో గమనించండి. చేతి నుంచి విడివడిన క్షణం నుంచే, ఒరగకుండా, సూటిగా కుడివైపు పోతుంటే అది పట్టు ఆలస్యంగా వదలడం వల్ల వచ్చిన తప్పు, దానికి మందు వేరు. మొదట గురివైపు వెళ్లి, 60, 70 అడుగుల తరువాత ఎడమ అంచు లేస్తుంటే మాత్రం ఇక్కడ చెప్పేదంతా మీకు వర్తిస్తుంది. ఫోన్‌ను మీ వెనకగా, గురికి ఎదురుగా ఉండేలా ఏదైనా సంచికి ఆనించి పెట్టి పది విసుర్లు తీసుకుంటే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ తరువాత దూరపు విసుర్లకు వాడే డ్రైవర్ డిస్కులన్నీ ఇంట్లో వదిలేసి, దగ్గరి విసుర్లకు వాడే పుట్టర్ ఒకదానితో ఖాళీ మైదానానికి వెళ్లండి. ఏవియార్ లాంటి సాదా పుట్టర్ టర్న్ అంకె 0, ఫేడ్ 1. దానికి తప్పును కప్పిపుచ్చే గుణం తక్కువ. 150 అడుగుల దూరానికి, నడుమెత్తులో, మీ బలంలో మూడోవంతు దాచుకుని విసరండి. డిస్క్ పైనున్న బొమ్మ మీదే చూపు నిలిపితే, బాగా విడిచిన డిస్క్‌లో ఆ బొమ్మ అలుక్కుపోయి రంగు వలయంలా నిశ్చలంగా కనిపిస్తుంది. తప్పుగా విడిచినదైతే, నేలమీద తిప్పిన రూపాయి బిళ్ల ఆగబోయే ముందు ఊగినట్టు, మొదటి 30 అడుగులూ అంచులు ఊగుతూ పోతుంది. చెయ్యి కదిలిన దారి, డిస్క్ పడుకున్న వాలు ఒకే తలంలో లేవన్నదానికి ఆ ఊపే గుర్తు. అలా ఊగే డిస్క్ దాని అంకెలు చెప్పినదానికంటే ఎక్కువగా ఒరుగుతుంది. ఊపు పోయేవరకు బలం పెంచకండి. మూడు నాలుగు వారాలు పట్టినా సరే.

ఈ ఊపుకు మన తెలుగువారిలో నేను తరచుగా చూసే కారణం ఒకటుంది, అది బ్యాడ్మింటన్. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్ కోర్టుల్లో ఏళ్ల తరబడి ఆడిన చెయ్యి, బ్యాక్‌హ్యాండ్ అనగానే తనకు తెలిసిన పనే చేస్తుంది: షటిల్‌ను కొట్టే క్షణంలో ముంజేయి బయటికి మెలితిరిగి, అరచేయి ఆకాశం వైపు తెరుచుకుంటుంది. రాకెట్‌కు ఆ మెలికే ప్రాణం. డిస్క్‌కు మాత్రం అదే విషం, ఎందుకంటే అరచేయి పైకి తెరుచుకుంటే చేతికి అవతల ఉన్న ఎడమ అంచు దానితోపాటే లేస్తుంది. తీసుకున్న వీడియోలో చెయ్యి గురివైపు చాచిన క్షణాన ఆపి చూడండి. బొటనవేలు పైన ఉండి, ఎదుటివారికి షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు కనిపిస్తే మంచిదే. అరచేయి పళ్లెం పట్టినట్టు పైకి కనిపిస్తే మీ టర్నోవర్ అక్కడే పుడుతోంది. దీన్ని మాన్పించడానికి నేను వాడిన ఉపాయం చాలా మామూలుది: ఒక తువ్వాలును మధ్యకు మడిచి డిస్క్ బదులు పట్టుకుని, చేయి ఊపు ముగిసేదాకా దాని కొస నేలవైపే వేలాడుతూ ఉండేలా రోజుకు ముప్పైసార్లు విసిరినట్టు అభినయించడం. నన్ను చూసి ఇంట్లో నవ్వుకున్నారు, అయినా పది రోజుల్లో మెలిక సగానికి సగం తగ్గింది.

రెండో కారణం నడుము. బలంగా విసరాలన్న తొందరలో శరీరం మడమల మీదికి, వెనక్కి వాలితే భుజాల గీత ఎడమవైపు పైకి లేస్తుంది, డిస్క్ కూడా దాన్నే అనుసరిస్తుంది. నడుము దగ్గర కొద్దిగా ముందుకు వంగి, బరువును ముందు పాదం మీద నిలిపి, ఎడమ అంచు కాస్త కిందికి ఉండేలా, అంటే హైజర్ వాలుతో వదిలితే, డిస్క్ తనంతట తానే లేచి సమంగా నిలబడటానికి జాగా దొరుకుతుంది. ఎదురుగాలిలో ఆ వాలు ఇంకొంచెం పెంచాలి. ఇక ఎదురుగాలి ఉందని రెట్టింపు బలంతో విసరడం అన్నిటికంటే పెద్ద పొరపాటు; దానివల్ల డిస్క్‌కు తగిలే గాలి వేగం ఇంకా పెరుగుతుంది, భుజానికీ మోచేతికీ నొప్పి మిగులుతుంది.

ఇప్పుడు సంచి. 1983లో ఇన్నోవా కంపెనీ ఈగిల్‌తో మొదలైన వాలు అంచుల డిస్కులు దూరాన్ని ఎంతో పెంచాయి, అయితే పెద్ద అంకెల డ్రైవర్లు తమకు తగిన వేగం అందితేనే చెప్పినట్టు వింటాయి. రోడ్‌రన్నర్ లాంటి టర్న్ -4 ఉన్న, అంటే బాగా ఎక్కువగా కుడికి ఒరిగే డిస్కులను గాలుల కాలంలో వెనకగాలికి మాత్రమే ఉంచుకోండి. చవక ప్లాస్టిక్‌తో చేసిన పాత డిస్కులు చెట్లకు తగిలి తగిలి, అంకె ఏమి చెప్పినా, రానురాను ఎక్కువగా ఒరుగుతాయి. అంచు చుట్టూ బొటనవేలు నడిపితే గీతలు, చిన్న చిన్న ముళ్లు చేతికి తగులుతాయి. అలాంటివాటిని పడేయనక్కరలేదు, కావాలని కుడికి మళ్లించవలసిన మలుపులకు దాచుకోవచ్చు. 150 గ్రాముల తేలిక డిస్కుల బదులు 170 గ్రాములు దాటినవి తీసుకోవడం మేలు. నియమాల ప్రకారం బరువు వ్యాసంలో సెంటీమీటరుకు 8.3 గ్రాములు మించకూడదు కాబట్టి, 21 సెంటీమీటర్ల పైచిలుకు ఉండే మామూలు డ్రైవర్లు దాదాపు 175 గ్రాముల దగ్గర ఆగిపోతాయి.

చివరగా, స్కోరుకంటే ముఖ్యమైనది ఒకటి ఉంది. తిరగబడిన డిస్క్ ఎక్కడ ఆగుతుందో విసిరినవారికి కూడా తెలియదు. కిందటి మార్చిలో ఒక పార్కులో నేను విసిరిన డ్రైవ్, చెట్ల వరుస దాటి, కుడివైపు కాలిబాట మీద పిల్లను తోపుడుబండిలో తిప్పుతున్న ఒక పెద్దాయన వెనకగా మూడు గజాల దూరంలో నేలను కొట్టింది. ఆయన ఒంగోలు నుంచి కూతురి ఇంటికి వచ్చినవారని తరువాత మాటల్లో తెలిసింది. క్షమాపణ అడిగితే, "ఏం కాలేదులే బాబూ, ఆ పళ్లెం ఏమిటి, కాస్త చూడనివ్వు" అన్నారు, కానీ ఆ రోజు నేను మళ్లీ విసరలేకపోయాను. అప్పటినుంచి, గాలి ఎడమనుంచి గాని ఎదురుగా గాని ఉండి, కుడివైపు కాలిబాటో ఆటస్థలమో ఉన్న టీ ప్యాడ్ (మొదటి విసురు విసిరే చోటు) మీద డ్రైవర్ సంచిలోంచి తీయడం లేదు. ముందుగా కుడివైపు 200 అడుగుల వరకు మనుషులెవరూ లేరని చూసుకుంటాను, మలుపు కనిపించకపోతే తోటివారిని ముందుకు పంపి చెయ్యెత్తమంటాను, ఎవరైనా నడుస్తుంటే వారు దాటిపోయేదాకా ఆగుతాను. ఆ తరువాత మధ్యస్థ దూరాలకు వాడే మిడ్‌రేంజ్ డిస్క్ ఒకటి తీసుకుని, ఎడమ అంచు కిందికి వంచి, పది అడుగుల ఎత్తు మించకుండా విసురుతాను. బాస్కెట్ చేరడానికి ఒక విసురు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. ఇంత చేసినా డిస్క్ కుడికి లేచిందంటే, అది ఎవరికైనా తగులుతుందా లేదా అని ఆలోచిస్తూ నిలబడకుండా, ఆ క్షణంలోనే గొంతెత్తి, జాగ్రత్త అని హెచ్చరించే "ఫోర్" కేక వేయండి.