గాజు తొట్టెలో కాంతి పరిక్షేపణం, ధ్రువణం, శోషణం చూడటం ఎలా?

తొట్టె నీళ్లలో కాసిని పాలు కలిపి టార్చి వేస్తే, కాంతి కణాలకు తగిలి పక్కలకు చెదరడం (పరిక్షేపణం), ఒకే దిశలో ఊగే కాంతిగా మారడం (ధ్రువణం) కనబడతాయి. పదార్థం కాంతిని మింగేయడం (శోషణం) ఇంకుతో చూస్తాం. ఈ ప్రయోగం చెడిందంటే నూటికి తొంభై సార్లు పాలు ఎక్కువయ్యాయని అర్థం. ఒక సైన్స్ ఎగ్జిబిషన్‌లో ఒకాయన అర గ్లాసు పాలు గుమ్మరించి, తెల్లగా మారిన తొట్టెను చూపిస్తూ "ఆకాశం నీలంగా ఉండేది ఇందుకే" అని చెబుతుంటే పక్కన నిలబడి విన్నాను. అక్కడ నీలం లేదు, ఆకాశమూ లేదు.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. చదునైన పక్కలున్న అడుగు పొడవు గాజు తొట్టె, టార్చి, నల్ల అట్టలు, స్పూను, వెన్న తీసిన పాలు, నీలం పెన్ను ఇంకు, ఒక పోలరైజర్ (ఒకే దిశలో ఊగే కాంతిని మాత్రమే వదిలే వడపోత). చిన్న చిల్లు పెట్టిన నల్ల అట్టను టార్చి మూతికి అంటించండి. ఇంకో అట్ట తొట్టె వెనక పెట్టండి. కుళాయి నీళ్లు పట్టాక బుడగలు పోయేదాకా ఒక గంట వదిలేయండి. గది చీకటిగా ఉండాలి, మసక చీకటి సరిపోదు.

పోలరైజర్‌గా పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు చాలు. అద్దాన్ని ల్యాప్‌టాప్ తెర ముందు పట్టుకుని గుండ్రంగా తిప్పండి. ఒకచోట తెర నల్లబడితే అది పనికొస్తుంది. సినిమాహాలు 3డి అద్దాలు చాలావరకు మామూలుగా పెట్టుకుంటే పనిచేయవు. వాటిని వెనక్కి తిప్పి, బయటి వైపు కంటికి ఆనించి చూడండి.

ముందు శోషణం. గ్లాసెడు నీళ్లలో రెండు చుక్కల ఇంకు కలిపి టార్చి వేయండి. అవతలి వైపు నీలం వెలుగు వస్తుంది, పక్క నుంచి చూస్తే మాత్రం వెలుగు దారి దాదాపు కనబడదు. ఇంకు ఎరుపును మింగేసింది, పక్కకు చల్లలేదు. హైలైటర్ ఇంకు మాత్రం వాడకండి, అది తనే వెలుగుతుంది. ఈ గ్లాసు పక్కనే ఉంచండి, పాల తొట్టెతో పోల్చడానికి కావాలి.

ఇక పాలు. నేరుగా తొట్టెలో వేయొద్దు. ఒక గ్లాసు నీళ్లలో ఒక స్పూను పాలు కలపండి. ఆ పలచటి పాలనే స్పూను చొప్పున తొట్టెలో వేయండి. వేసిన ప్రతిసారీ మెల్లగా కలిపి, సుడి ఆగాక పక్క నుంచి చూడండి. మొదటి రెండు స్పూన్లకు ఏమీ కానట్టే ఉంటుంది. సరిగ్గా అప్పుడే జనానికి ఓపిక పోయి గ్లాసు వంపేస్తారు. ఎన్ని స్పూన్లని నన్నడగొద్దు, పాలను బట్టి మారుతుంది.

ఎక్కడ ఆపాలో చెబుతాను. వెనక అట్ట తీసి అచ్చు కాగితం పెడితే అక్షరాలు ఇబ్బంది లేకుండా చదవగలగాలి. అట్ట మళ్లీ పెడితే వెలుగు సన్నటి నీలి దారంలా, అంచులు తెగినట్టు కనబడాలి. దారం చుట్టూ తెల్లటి పొగ కమ్మిందంటే హద్దు దాటారు. పాలకణాన్ని ఒక్కసారి తాకి పక్కకు మళ్లిన కాంతే మీ కంటికి రావాలి. పాలు ఎక్కువైతే అదే కాంతి ఇంకో పది కణాలకు తగిలి వస్తుంది. నీలం తెలుపులో కలిసిపోతుంది, ధ్రువణం చెదిరిపోతుంది. సగం నీళ్లు పారబోసి సర్దుకోవచ్చంటారు. నేనైతే మొత్తం పారబోసి మొదటికొస్తాను.

వెన్న తీసిన పాలే ఎందుకంటే, కొవ్వు బిందువులు పెద్దవి, అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చల్లేస్తాయి. పాలలోని ప్రోటీన్ అయిన కేసిన్ రేణువులు 100–200 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. గాలి అణువుల్లా మరీ చిన్నవైతే, బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త రేలీ 1871లో ఇచ్చిన లెక్కన 450 నానోమీటర్ల నీలం 650 నానోమీటర్ల ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. కొందరు పాలు మానేసి హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణంలో ఆమ్లం పోస్తారు. గంధకం రేణువులు చూస్తుండగానే పెరిగిపోతాయి, పైగా సల్ఫర్ డయాక్సైడ్ ఘాటు. ఆ తలనొప్పి నాకొద్దు.

ఇప్పుడు వెలుగు దారికి సరిగ్గా లంబంగా, దాని ఎత్తులోనే కన్ను పెట్టి చలువ అద్దంలోంచి చూడండి. మామూలుగా పట్టుకుంటే దారం కనబడుతుంది. అద్దాన్ని పావు చుట్టు తిప్పండి, దారం ఆరిపోయినంత పని అవుతుంది. కోణం లంబం నుంచి తప్పేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. తర్వాత అద్దాన్ని టార్చి ముందు పెట్టి తిప్పండి. పక్క నుంచి చూస్తే దారం వెలుగుతున్నప్పుడు పై నుంచి చూస్తే మసక, పై నుంచి చూస్తే వెలుగుతున్నప్పుడు పక్క నుంచి మసక. కణంలోని ఎలక్ట్రాన్లు కాంతి ఊపిన దిశలోనే ఊగుతాయి, ఆ ఊగే దిశలోకి అవి కాంతిని పంపలేవు. 1921లో సి.వి. రామన్ ఓడలో తిరిగొస్తూ నికోల్ పట్టకంతో (స్ఫటికంతో చేసిన పోలరైజర్) సముద్రాన్ని చూసింది కూడా ఇలాగే. నీటిపై పడ్డ ఆకాశపు ప్రతిబింబాన్ని దాంతో ఆపేసినా కింది నీలం అలాగే కనిపించింది, అంటే ఆ నీలం నీరే చెదరగొట్టిన కాంతిది.

సూర్యాస్తమయం రంగు చివరికి ఉంచుకోండి, వేసిన పాలు వెనక్కి తీయలేం కదా. ఇంకా కొన్ని స్పూన్లు వేసి, టార్చికి ఎదురుగా తెల్ల కాగితం పట్టండి. దాని మీద చుక్క పసుపుగా, తర్వాత నారింజగా మారుతుంది. టార్చి వేసిన వైపు నీళ్లలో ఇంకా నీలి ఛాయ ఉంటుంది, అవతలి కొసన ఎర్రబడుతుంది. ఇంకు గ్లాసును ఇప్పుడు పక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ వెలుగు తగ్గింది, కానీ తొట్టెలో తగ్గినదంతా పక్కలకు పోతూ కనబడుతుంది.

అయ్యాక తొట్టె ఆ రోజే కడిగేయండి. పాల నీళ్లు రాత్రికి పులిసి గాజుకు పట్టిన జిడ్డు మరుసటి ప్రయోగాన్ని పాడు చేస్తుంది.