మోకాళ్లు, నడుము పట్టేసినవాళ్లతో కోలాటం

నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు దిక్కు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడ, నడుము బిగుసుకుపోయిన పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. కోలాటం ఆడితే ఆ ఎముకలు బాగుపడవు. ఆ ఆశ పెట్టి ఎవరినీ పిలవొద్దు, మందులు ఆపనివ్వొద్దు. బాగుపడేది కాళ్ల నిలకడ, ఊపిరి, మనసు. 65 దాటినవాళ్లు వారానికి 3 రోజులైనా నిలకడ, బలం పెంచే కదలికలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కోలాటంలో బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలికి మారుతుంటుంది, అదే సమయంలో పక్కవాళ్ల కోలను చూసుకోవాలి, పాట గుర్తుంచుకోవాలి. ఒంటరిగా నడిస్తే ఇవన్నీ కలిసిరావు.

8 లేదా 12 మంది చాలు. జంటలు కుదరాలి కాబట్టి సరిసంఖ్య ఉండాలి. కోలలు 12 నుంచి 14 అంగుళాలు, తేలికవి. పొడుగైతే ఎదుటివాళ్ల వేళ్లకు తగులుతాయి. వేళ్లు సరిగా ముడవనివాళ్లకు పట్టుకునేచోట పాత సైకిల్ ట్యూబు చుట్టండి. ఆట సిమెంటు మీద వద్దు, చదునైన మట్టి వాకిలి మేలు. ఎండాకాలం పొద్దున 7 లోపే ముగించాలి.

మొదట 8 నిమిషాలు కుర్చీలో కూర్చునే మణికట్లు, భుజాలు, మడమలు కదిలించి, ఉన్నచోటే కోలలు కొట్టించండి. తర్వాత లేచి ఏక కోలాటం, అంటే అందరూ ఒకే వలయంగా ఆడేది: 4 నిమిషాలు ఆట, 2 నిమిషాలు కూర్చోవడం, ఇలా నాలుగు విడతలు. కోపుల్లో, అంటే ఆటలోని అడుగుల వరుసల్లో, వంగేవి, గిరగిరా తిరిగేవి తీసేయండి. తిరగాల్సి వస్తే చిన్న చిన్న అడుగులతో తిరగాలి. పాదం నేలకు ఆనించి ఒళ్లు తిప్పితే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది.

ఎక్కువగా చెడేది వేగం దగ్గరే. డప్పు హుషారు మీద పాట తెలియకుండానే పెరుగుతుంది. 15 సెకన్లలో 20 దెబ్బలు దాటకుండా ఒకరు లెక్క చూడాలి. పాట ఒకరు అందుకుంటే మిగతావాళ్లు వంత పాడాలి. వంతకు గొంతు లేవట్లేదంటే వేగం ఎక్కువైనట్టే. గుండెలో నొప్పి, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లను కుర్చీలోంచి మెల్లగా లేవమనండి.

నిలబడలేనివాళ్లకు వలయంలోనే కుర్చీ వేయండి. వాళ్లను పక్కకు జరిపితే మరుసటి వారం రారు. పైనుంచి వేలాడే తాళ్లను జడలా అల్లుతూ ఆడే జడకోపులో పైకి చూడాలి కనుక, మెడ పట్టేసినవాళ్లకు పాట అందుకునే పని ఇవ్వండి.