సి-చెక్‌లో ప్లాన్‌లో లేని పని బయటపడితే: హ్యాంగర్ జాగ్రత్తలు

జులై నుంచి సెప్టెంబరు దాకా దేశంలో విమాన ప్రయాణికుల రద్దీ కాస్త తగ్గుతుంది. దసరా, దీపావళికల్లా విమానం మళ్లీ ఎగరాలి కాబట్టి ఎయిర్‌లైన్లు చాలా సి-చెక్‌లను (విమానాన్ని హ్యాంగర్‌లో నిలిపి, ప్యానెళ్లు తెరిచి చేసే పెద్ద తనిఖీలను) ఈ నెలల్లోనే పెట్టుకుంటాయి. శంషాబాద్ హ్యాంగర్‌లోనైనా నాగ్‌పూర్‌లోనైనా టాస్క్ కార్డుల్లో, అంటే ముందే రాసిపెట్టిన పనుల చీటీల్లో, ఉన్న పని ఎలాగో సాగిపోతుంది. షెడ్యూలును తలకిందులు చేసేది ప్యానెల్ ఊడదీశాక కనబడే పని.

అందుకని తెరవాల్సినవన్నీ ముందే తెరవండి. గ్యాలీ (విమానంలోని వంటగది), టాయిలెట్ల కింద నేలను మోసే ఫ్లోర్ బీములు మరీ ముఖ్యం. నీళ్లు, కాఫీ, టాయిలెట్ ద్రవాలు ఏళ్ల తరబడి కారి తుప్పు పట్టేది అక్కడే. సులువైన కార్డులు గబగబా మూసేసి పని ఎంత పూర్తయిందో చెప్పే గ్రాఫ్ అందంగా చూపించుకోవాలని ప్లానర్లకు ఉబలాటం. చెక్ చివర్లో బీములో తుప్పు దొరికితే ఆ గ్రాఫ్ ఎందుకూ కొరగాదు.

చిన్న గీత కనబడినా నాన్-రొటీన్ కార్డు (ప్లాన్‌లో లేని పనికి రాసే కొత్త కార్డు) రాయండి. ఫ్రేమ్, స్ట్రింగర్ (విమానం చట్రంలోని అడ్డ, పొడవు కమ్మీల) నంబర్లు, పొడవు, లోతు, ఫొటో, తుప్పు గీకేశాక మిగిలిన మందం అన్నీ అందులో ఉండాలి. స్ట్రక్చరల్ రిపేర్ మాన్యువల్ (విమాన చట్రం మరమ్మతుల పుస్తకం) పరిమితి దాటిందో లేదో తేల్చేది ఆ కొలతలే. దాటితే తయారీ సంస్థను అడగాలి. జవాబు ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు, కాబట్టి మెయిల్ ఆ షిఫ్టులోనే వెళ్లాలి. సగం కొలతలు పంపితే తిరిగొచ్చేవి ప్రశ్నలే.

వాయిదా వేద్దామా అంటే, ఎంఈఎల్‌లో (ఏ పరికరం పనిచేయకున్నా కొన్నాళ్లు ఎగరొచ్చో చెప్పే జాబితాలో) ఉన్న పరికరాలకే ఆ వెసులుబాటు. ఆ జాబితాలో సి కేటగిరీ వాటికి గడువు 10 రోజులు. పగిలిన బీముకు అది వర్తించదు. రిలీజ్ సర్టిఫికెట్ (వాడకానికి పనికొస్తుందనే ధ్రువపత్రం) లేని విడిభాగం చేతిలో ఉన్నా లేనట్టే.

రిపేరు డ్రాయింగులో ఉన్నట్టే వేశారా అన్నది మూసేముందు ఆ పని చేయని మరొకరు చూడాలి. 1978లో ఒసాకాలో జపాన్ ఎయిర్‌లైన్స్ 747 తోక రన్‌వేకి రాసుకుంది. క్యాబిన్ గాలి ఒత్తిడిని తోక వైపు ఆపే గోడ, అంటే వెనుక ప్రెజర్ బల్క్‌హెడ్ రిపేరులో ఒకే స్ప్లైస్ ప్లేటు (అతుకు రేకు) ఉండాల్సిన చోట రెండు ముక్కలు వేశారు. రెండు వరసల రివెట్లు మోయాల్సిన భారం ఒక్క వరస మీద పడింది. 1985 ఆగస్టు 12న ఆ బల్క్‌హెడ్ గాల్లో చీలి, 520 మంది చనిపోయారు. మూసేశాక ఆ తప్పు పైకి కనబడదు.

ఇక డబ్బు సంగతి. ఎయిర్‌లైన్ ప్రతినిధి ఆమోదం లేకుండా అదనపు పని మొదలుపెడితే బిల్లు దగ్గర గొడవ ఖాయం. రాత్రి షిఫ్టులో సంతకం పెట్టే అధికారం ఎవరికుందో, ఏ ఫోనుకు దొరుకుతారో విమానం లోపలికి వచ్చిన రోజే అడిగి రాసిపెట్టుకోండి.